రాత్రి పదిన్నర ఆకలి: హాస్టల్లో ఉంటూ, బుర్ర పాడుచేసుకోకుండా బరువు తగ్గడం

బరువు తగ్గాలనుకున్న ప్రతివాడూ పొద్దున్నే మొదలుపెడతాడు. గోరువెచ్చని నీళ్లు, అందులో నిమ్మకాయ, తేనె, నాలుగు ఇడ్లీలకి బదులు రెండు, మధ్యాహ్నం అన్నం బంద్. సాయంత్రం ఆరింటి దాకా మనంత నిష్ఠగల మనిషి కూకట్‌పల్లి మొత్తంలో ఇంకొకడు ఉండడు. అసలు కథ రాత్రి పదిన్నరకి మొదలవుతుంది. ఆఫీసు అయిపోయింది, రూమ్మేట్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అటు తిరిగి పడుకున్నాడు, అమ్మకి "తిన్నానమ్మా" అని చెప్పి పెట్టేశాం, చేతిలో ఫోన్ ఉంది, ఫోన్లో ఫుడ్ యాప్ ఉంది. మూడేళ్లలో నేను 71 కిలోల నుంచి 89కి ఎక్కింది ఆ పదిన్నర దగ్గరే. అందుకే నేను చెప్పబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

నేను డాక్టర్ని కాదు, డైటీషియన్ని అంతకన్నా కాదు. ఒకసారి తప్పుగా తగ్గి, మళ్లీ పెరిగి, రెండోసారి కాస్త బుద్ధిగా తగ్గినవాణ్ని, అంతే.

ముందు అసలు తగ్గాలా వద్దా చూసుకోండి. సెల్ఫీలో బుగ్గలు లావుగా పడ్డాయని, పిన్ని పెళ్లిలో "ఏంట్రా, ఒళ్లు చేశావు" అందని మొదలుపెట్టకండి. కిలోల్లో బరువుని మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేదే బీఎంఐ; 1.70 మీటర్ల మనిషి 72 కిలోలుంటే దాదాపు 25. మన దేశంలో వాళ్లకి 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క, ఎందుకంటే మనకి చూడ్డానికి సన్నగా ఉన్నా పొట్ట దగ్గర కొవ్వు చేరిపోతుంది. టేపు తీసుకుని, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, ఊపిరి బిగబట్టకుండా నడుము కొలవండి. మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. ప్యాంటు సైజు చూసి 34 అని చెప్పుకోవద్దు, ప్యాంటు మనం బొజ్జ కింద కట్టుకుంటాం. ఈ రెండు లెక్కలూ బాగానే ఉండి కూడా అద్దం చూసి ఏడుపొస్తోందంటే తగ్గాల్సింది బరువు కాకపోవచ్చు, దాని గురించి కింద చెప్తాను.

ఒకసారి రక్తపరీక్ష కూడా చేయించుకోండి. థైరాయిడ్, షుగర్ చూస్తే చాలు మొదట. అమ్మాయిలకి నెలసరి నెలనెలా రాకపోతే పీసీఓడీ (అండాశయాల్లో హార్మోన్ల తేడా) ఉందేమో డాక్టర్‌ని అడగండి. డిప్రెషన్‌కో ఫిట్స్‌కో మందులు వాడుతుంటే కొన్నిటికి బరువు పెరగడం మామూలే, ఆ సంగతి మందు రాసిన డాక్టర్‌కే చెప్పి మార్పించుకోండి గానీ, బరువు కోసం మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి.

ఇక నా మొదటి ఘనకార్యం. రోజుకి నాలుగు పుల్కాలు, కీరా, చక్కెర లేని కాఫీ, నలభై రోజులు. మొదటి నాలుగు రోజుల్లోనే మూడు కిలోలు పోయాయి, ఆఫీసులో అందరికీ చెప్పుకున్నాను. అది కొవ్వు కాదని అప్పుడు తెలీదు. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం ఒక్కో గ్రాము తనతో మూడు గ్రాముల దాకా నీళ్లు పట్టుకుని ఉంటుంది, తిండి తగ్గించగానే ముందు పోయేది ఆ నీళ్లే. మూడో వారానికి పని చేయబుద్ధి కాలేదు, చిన్న మాటకి కస్సుమనేవాణ్ని, రాత్రుళ్లు నిద్ర పట్టక బిర్యానీ వండే వీడియోలు చూస్తూ పడుకునేవాణ్ని, తినే ధైర్యం లేక మెనూలు చదివేవాణ్ని. సంక్రాంతికి ఇంటికెళ్తే అమ్మ అరిసెలు రెండు ప్లేట్లో పెట్టి తెచ్చింది. "నన్ను చంపాలనుకుంటున్నావా" అన్నాను. అమ్మ ఏమీ అనలేదు, ప్లేటు తీసుకెళ్లి డబ్బాలో మళ్లీ సర్ది, మూత పెట్టింది. ఆ మూత చప్పుడు నాకిప్పటికీ వినపడుతుంది. తొమ్మిది కిలోలు తగ్గాను, ఆ వేసవి దాటేలోపు అన్నీ తిరిగొచ్చి, వడ్డీ కింద ఇంకో రెండు వచ్చాయి: 91.

చాలా రోజుల తర్వాత మిన్నెసోటా ప్రయోగం గురించి చదివాను. 1944-45లో అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీలో యాన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లకి 24 వారాలపాటు సగం తిండే పెట్టాడు. వాళ్లు సన్నబడ్డారు, అది ఎలాగూ జరిగేదే. దాంతోపాటు చిరాకు, దిగులు పట్టుకున్నాయి, స్నేహితుల మీద ఆసక్తి పోయింది, పగలూ రాత్రీ తిండి ఆలోచనే, కొందరు వంటల పుస్తకాలు పోగేయడం మొదలుపెట్టారు. వంటల పుస్తకాలు! నా బిర్యానీ వీడియోలకీ వాటికీ తేడా ఏముంది? నాకు నిగ్రహం లేదని తిట్టుకున్నదంతా ఆకలితో ఉన్న శరీరం తన పని తను చేసుకోవడమే. అప్పట్నుంచి నాకు ఒకటే కొలబద్ద: ఏ పద్ధతైనా రెండు వారాలు చేశాక, ఇంట్లోవాళ్లతో మాట్లాడే తీరు మారిందా? మారితే ఆ పద్ధతి వదిలేయాలి, ఎన్ని కిలోలు పోతున్నా సరే.

మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, వాళ్ల లెక్కలో వారానికి అరకిలో తగ్గడం క్షేమం, ఎంత తగ్గించినా రోజుకి వెయ్యి కేలరీల కిందికి పోకూడదు. నాకైతే రెండోసారి ఆ అరకిలో కూడా రాలేదు, అందులో సగానికి కాస్త తక్కువే వచ్చింది. పద్నాలుగు నెలల్లో 91 నుంచి 78. కానీ అమ్మ మీద అరవలేదు.

పని ఇలా మొదలుపెట్టండి: మొదటి వారం ఏమీ మార్చొద్దు. నిజంగానే, ఏమీ. ఫోన్లో నోట్స్ తెరిచి, తిన్న ప్రతిసారీ మూడు ముక్కలు రాయండి: టైమెంత, ఏం తిన్నాను, అప్పుడు ఎలా ఉంది. కేలరీలు వద్దు, అవి లెక్కపెట్టడం మొదలుపెడితే కొందరికి అదే జబ్బవుతుంది. నా నోట్స్‌లో ఒక మంగళవారం ఇలా ఉంది:

"8.50 మూడు ఇడ్లీ, టీ. లేటయింది. 1.40 రెండు పుల్కా, కీరా. డైట్ కదా. 5.00 టీ, బిస్కెట్లు రెండు. తలనొప్పి. 6.30 మళ్లీ టీ. 8.45 హాస్టల్లో వంకాయ కూర, చూసి వదిలేశా. 10.40 నూడుల్స్ రెండు ప్యాకెట్లు, చిప్స్. మేనేజర్ కాల్ గుర్తొచ్చింది."

వారం అయ్యాక చదివితే ఐదు రాత్రులు పదిన్నర గొడవలు కనపడ్డాయి. రెండు రోజులు కడుపు నిజంగానే కాలుతోంది. మిగతా మూడింట్లో ఒకటి మేనేజర్, ఒకటి ఆదివారం సాయంత్రం మొత్తం ఎవరితో మాట్లాడకపోవడం, ఇంకోటి ఊరికే తోచక. కడుపు ఆకలికి ఒక మందు, మనసు ఆకలికి వేరే మందు. రెండిటికీ ఒకే మందు, అంటే నోరు కట్టేసుకోవడం, వేయబట్టే మనం ఓడిపోతున్నాం.

కడుపు ఆకలి మందు మధ్యాహ్నం కంచంలో ఉంది. ఆ తార్నాక సంస్థే 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో కంచంలో సగం కూరగాయలు, పళ్లు ఉండాలని చెప్పింది. మన హాస్టల్ కంచం దీనికి సరిగ్గా తలకిందులు, అన్నం గుట్ట, పక్కన కూర బొట్టు. అన్నం మానక్కర్లేదండీ. అన్నం తినని రోజు భోజనం చేసినట్టే ఉండదు మనకి, ఆ వెలితే రాత్రికి యాప్ తెరిపిస్తుంది. రోజూ తినేదానికన్నా ఒక గరిటె తగ్గించి, ఆ చోటు కూరతోనో ఆకుకూర పప్పుతోనో నింపండి. సాంబారు గిన్నెలో గరిటె అడుగుదాకా పోనిచ్చి తీయండి, పప్పు, ముక్కలు ఉండేది అక్కడే, పైన ఉన్నది వేడినీళ్లు.

ప్రొటీన్ మీద మాత్రం శ్రద్ధ పెట్టాలి, కడుపు నిండినట్టు ఎక్కువసేపు ఉంచేది అదే. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క కిలో శరీర బరువుకి 0.83 గ్రాములు, అంటే 70 కిలోల మనిషికి 58 గ్రాముల చిల్లర. ఇది వినగానే అందరూ పౌడర్ డబ్బా కొనడానికి పరుగెత్తుతారు. కోడిగుడ్డులో ఆరు గ్రాములుంది. గుప్పెడు పల్లీల్లో, అంటే ముప్పై గ్రాముల్లో, ఏడు. ముప్పై గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో పదిహేను. పప్పు, పెరుగు ఎలాగూ ఉన్నాయి. నేను కరెంట్ కెటిల్‌లో గుడ్లు ఉడకబెట్టేవాణ్ని, హాస్టల్ ఆంటీకి తెలిసిన రోజున పెద్ద పంచాయితీ అయింది, తర్వాత ఆవిడే రోజూ రెండు గుడ్లు వేరే డబ్బులకి ఉడికించి ఇచ్చేది. అడిగితే ఇస్తారు, మనం అడగం.

కర్రీ పాయింట్ మీద బతికేవాళ్లకి ఒక చిట్కా. కవర్ ముడి విప్పి కూర నేరుగా అన్నంలోకి పోసుకోకండి. గిన్నెలో పోసి రెండు నిమిషాలు కదపకుండా వదిలేస్తే నూనె పైకి తేలి, అంచుల వెంట ఎర్రగా చేరుతుంది. గిన్నె కొంచెం వంచి చెంచాతో తీసేయండి. పెద్ద చెంచా నూనె అంటే 120 కేలరీలు, నాకు కొన్ని కూరల్లో రెండు చెంచాలు దొరికేది. సాయంత్రం రోడ్డు పక్కన పెనం పెట్టుకుని జొన్నరొట్టెలు చేసే అక్కలు ఇప్పుడు హైదరాబాద్‌లో చాలా వీధుల్లో ఉన్నారు, రెండు రొట్టెలు, ఆ పాయింట్ కూర, కాస్త పెరుగు, ఎనిమిదిన్నర లోపల ముగించేస్తే పదిన్నరకి సగం గొడవ ఉండదు.

టీ సంగతి: రోజుకి నాలుగు టీలు, రెండేసి చెంచాలు అంటే ఎనిమిది చెంచాల చక్కెర, దాదాపు నలభై గ్రాములు. బండి దగ్గర "షుగర్ తక్కువ అన్నా" అంటే నవ్వుతాడు, ముందే కలిపేసి ఉంటుంది. కాబట్టి అక్కడ తగ్గించాల్సింది టీలనే, చక్కెర తగ్గించడం గదిలో పెట్టుకునే టీలో.

ఇప్పుడు మనసు ఆకలి. దీనికి నిగ్రహం పనికిరాదు, ఎందుకంటే పదిన్నరకి అది మిగలదు, పొద్దున్నుంచి ఆఫీసులో వాడేసి ఉంటాం. కాబట్టి ఏర్పాట్లు పగలే చేసి పెట్టుకోవాలి. యాప్‌లో సేవ్ చేసిన కార్డు తీసేయండి, ప్రతిసారీ లేచి పర్సు వెతుక్కుని నంబర్ కొట్టాల్సి వస్తే సగం సార్లు బద్ధకమే కాపాడుతుంది (బద్ధకం మంచికి పనికొచ్చే చోటు ఇదొక్కటే). గదిలో చిప్స్ పెద్ద ప్యాకెట్ ఉండకూడదు, వేయించిన శనగల డబ్బా ఉండాలి. తినాలనిపిస్తే పావుగంట ఆగండి, ఆ పావుగంటలో మేడ మీద ఒక చుట్టు తిరగండి, లేదా వేడినీళ్లతో స్నానం చేయండి. అప్పటికీ కావాలనిపిస్తే తినేయండి. దొంగతనంగా కాదు, లైటు వేసుకుని, ప్లేట్లో పెట్టుకుని, ఫోన్ పక్కన పడేసి, కూర్చుని. "ఇంక జన్మలో తినను" అన్న రోజునే మనిషి ప్యాకెట్ మొత్తం ఖాళీ చేస్తాడు.

అసలు కారణాన్ని కూడా ముట్టుకోవాలి కదా. మేనేజర్ మాటలు తిరుగుతుంటే, రేపు ఆయనకి ఏం చెప్తారో రెండు లైన్లు కాగితం మీద రాసి మడిచి పెట్టండి, అదేంటో గానీ రాసేస్తే బుర్ర వదిలేస్తుంది. ఒంటరితనమైతే రీల్స్ దానికి మందు కాదు, అక్కడ అందరికీ సిక్స్‌ప్యాకులు ఉంటాయి, మనకి ఇంకా దిగులు. నేను అమ్మకి "తిన్నానమ్మా" అని పెట్టేయడం మానేసి పది నిమిషాలు మాట్లాడడం మొదలుపెట్టాను. ఏముంటాయి, పక్కింటి గేదె ఈనింది, తాతయ్యకి కళ్లద్దాలు మార్చారు. పెట్టేశాక యాప్ గుర్తొచ్చేది కాదు చాలాసార్లు.

నిద్ర గురించి ఒక్క లెక్క చెప్తే చాలు. 2004లో షికాగో యూనివర్సిటీలో 12 మంది కుర్రాళ్లని రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చారు. పది గంటలు పడుకోనిచ్చినప్పటితో పోలిస్తే ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ 28 శాతం పెరిగింది, చాలు అని చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది. అంటే ఒంటిగంట దాకా సిరీస్ చూసి, మర్నాడు "నాకెందుకింత ఆకలి" అనుకుంటే ఏం లాభం? నైట్ షిఫ్ట్ వాళ్లకి పదిన్నర అంటే తెల్లవారుజామున నాలుగు, లెక్క అదే. షిఫ్ట్ మధ్యలో తినడానికి డబ్బా తీసుకెళ్లండి, పగలు పడుకునే కిటికీకి నల్ల పరదా కట్టండి.

నడక. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాలంటుంది, అంటే ఐదు రోజులు అరగంట. నిజం చెప్పాలంటే అరగంట నడక ఒక్క సమోసాతో చెల్లు, కిలోల కోసం నడిస్తే నెలలో విసుగొస్తుంది. నడిచిన రాత్రి నిద్ర పడుతుంది, మర్నాడు చిరాకు తగ్గుతుంది, దానికోసం నడవండి. అమ్మతో ఆ పది నిమిషాల ఫోన్ నడుస్తూ మాట్లాడితే రెండు పనులూ అవుతాయి. వారానికి రెండు రోజులు కండరాలకి పని పెట్టండి, గుంజీలు ఇరవై, గోడకి చేతులానించి పుషప్‌లు, మెట్లు. జిమ్‌కి వెళ్లాలనుంటే వెళ్లండి, సంవత్సరం ప్యాకేజీ మాత్రం జనవరి ఒకటిన కట్టకండి.

బరువు చూసుకునే మెషిన్ మంచం కింద ఉంటే నా గతే పడుతుంది, రోజుకి నాలుగుసార్లు ఎక్కేవాణ్ని. ముందురోజు ఆవకాయ అన్నం తిన్నా, నెలసరి దగ్గరికొచ్చినా, కడుపు సరిగ్గా ఖాళీ కాకపోయినా కిలో అటూ ఇటూ అవుతుంది. వారానికోసారి, ఒకే రోజు, పొద్దున బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక చూసి రాసుకోండి. నాలుగు వారాల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తేనే అర్థం. ఆ అంకె చూసి రోజంతా మూడ్ పాడవుతోందంటే మెషిన్ ఎవరికైనా ఇచ్చేసి, నెలకోసారి టేపు వాడండి.

ఇంట్లోవాళ్లు, బంధువులు. "తిండి తగ్గించరా" అన్న అత్తయ్యే అదే నోటితో "ఇంకో గారె వేయించుకో, చిక్కిపోయావు" అంటుంది, ఇది మారదు. వాదించకండి. "డాక్టర్ చెప్పారత్తా, సగం గారె పెట్టు" అంటే మన ఇళ్లలో డాక్టర్ పేరుకి ఎదురుండదు. అమ్మాయిలకి ఇంకో బాధ ఉంది, సంబంధాలు చూస్తున్నారు, రెండు నెలల్లో పది కిలోలు తగ్గమంటారు. రెండు నెలల్లో పది కిలోలు తగ్గించేది ఆకలే, దాని వెంట జుట్టు ఊడడం, నీరసం, ఏడుపు వస్తాయి. ఇంట్లో మీ మాట వినే ఒక్కరిని, అన్నయ్యో బాబాయో, ముందు మీ వైపు తిప్పుకోండి, మిగతావాళ్లతో వాళ్లు మాట్లాడతారు.

ఇవి కనపడితే మాత్రం బరువు సంగతి పక్కన పెట్టి సాయం అడగాలి: తిన్నాక కావాలని వాంతి చేసుకోవడం, మోషన్ అవడానికి మాత్రలు మింగడం, నలుగురితో కూర్చుని తినలేకపోవడం, నెలసరి ఆగిపోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, బాగా సన్నబడ్డా ఇంకా లావుగానే ఉన్నాననిపించడం, రెండు వారాలకి మించి దేనిమీదా ఇష్టం లేకపోవడం, చచ్చిపోతే బాగుండుననిపించడం. చివరిది అనిపిస్తే రేపటిదాకా ఆగకండి, పక్కనున్న మనిషికి ఇప్పుడే చెప్పండి. 14416 అనేది టెలీ మానస్ నంబర్, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం పెట్టింది, ఉచితం, రాత్రైనా పగలైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లమంటే "ఎర్రగడ్డకా?" అని జోకులేస్తారు హైదరాబాద్‌లో, విశాఖలో అయితే చినవాల్తేరు పేరు చెప్తారు, రెండు చోట్లా మానసిక ఆసుపత్రులున్నాయి మరి. నేనూ వేశాను ఆ జోకులు. తర్వాత నా రూమ్మేట్ మూడు నెలలు ఆదివారం ఆదివారం కౌన్సెలింగ్‌కి వెళ్లొచ్చాడు, నాకు జిమ్ అని చెప్పి.

ఇక తప్పిన రోజు. కజిన్ పెళ్లి, పులిహోర, బొబ్బట్లు, రాత్రి బిర్యానీ, అన్నీ తింటారు, తినండి కూడా. మర్నాడు ఉపవాసం మాత్రం వద్దు, అది మళ్లీ పదిన్నరకే తీసుకొచ్చి నిలబెడుతుంది. ఎప్పటి టిఫిన్ అప్పుడే, ఎప్పటి గరిటె అన్నం అప్పుడే. మొన్న మా బాబాయి కూతురి పెళ్లి నుంచి వచ్చిన మర్నాటి నోట్స్ చూస్తే ఇలా ఉంది: "8.30 మూడు ఇడ్లీ. 1.15 అన్నం, తోటకూర పప్పు, గుడ్డు. 5.00 టీ. 8.20 జొన్నరొట్టె రెండు. 10.35 పెరుగన్నం చిన్న గిన్నె. నిజంగానే ఆకలేసింది."